పక్కవాళ్ళు సిగరెట్ తాగుతుంటే గొడవ కాకుండా ఎలా చెప్పాలి? 16 ఏళ్ళు తాగి మానేసినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు సిగరెట్ తాగరు. ఆఫీసు మెయిన్ డోర్ దగ్గర రోజూ నలుగురైదుగురు నిలబడి తాగుతుంటారు, లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా ఆ పొగలోంచే నడవాలి. బస్టాపులోనూ ఇదే తంతు. నెలల తరబడి ఊరుకుని ఊరుకుని, పోయిన వారం ఒకాయన మీద అరిచేశారు. ఇప్పుడు ఆఫీసులో అందరూ మిమ్మల్నే వింతగా చూస్తున్నారు. "ఆరుబయట తాగేవాళ్ళని అడిగే హక్కు నాకు ఉందా? ఉంటే ఎలా అడగాలి?" అంటున్నారు.

ఉంది, నిక్షేపంగా అడగొచ్చు. కాకపోతే "ఆర్పేయండి" అనొద్దు, "కాస్త అటు జరుగుతారా" అనండి. అదీ వాళ్ళు వెలిగించకముందే అడగగలిగితే ఇంకా మంచిది. ఇక మీ ఆఫీసు డోర్ సంగతికొస్తే, అక్కడ ఎవరినీ అడగాల్సిన పనే లేకపోవచ్చు, ఎందుకో కింద చెప్తాను.

నేనెవరో చెప్తే ఇదంతా ఎందుకింత వివరంగా రాస్తున్నానో తెలుస్తుంది. 16 ఏళ్ళు సిగరెట్లు తాగాను, మానేసి 11 ఏళ్ళయింది. నా ఉద్యోగం ఆఫీసు భవనాల, అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్. లిఫ్టు ఆగినా, నీళ్ళు రాకపోయినా, ఎక్కడో పొగ వాసన వచ్చినా ఫోన్ మోగేది నాకే. పార్కింగ్ గొడవల తర్వాత నేను ఎక్కువగా తీర్చినవి పొగ గొడవలే. వాటిలో సగం తాగే రోజుల్లోనే తీర్చాను, అంటే చేతిలో పీక ఆర్పేసి వెళ్ళి ఇద్దరి మధ్యా కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి, నవ్వుకోండి.

ముందు ఈ "జరగండి" ఎందుకు పనిచేస్తుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఒట్టి మర్యాద మాట అనుకుంటారు. కాదు, దీని వెనక లెక్క ఉంది. 2007లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆరుబయట సిగరెట్ పొగ ఎంత దూరం వరకు ఉంటుందో పరికరాలు పెట్టి కొలిచారు. తాగే మనిషికి అరమీటరు దూరంలో, గాలి మీ వైపు వీస్తుంటే, పొగ ఒక్కోసారి గదిలో ఉన్నంత చిక్కగానే ఉంది. అదే 2 మీటర్లు దాటాక, ఒక్క సిగరెట్ అయితే, దాదాపు మామూలు గాలి స్థాయికి పడిపోయింది. పైగా ఆరుబయట సిగరెట్ ఆర్పిన కాసేపటికే గాలి శుభ్రపడుతుంది, గదిలో అయితే గంటల తరబడి ఉండిపోతుంది. అంటే బస్టాపులో మీకు కావలసింది ఆయన సిగరెట్ ఆర్పడం కాదు, ఓ నాలుగడుగులు, అదీ గాలివాటు చూసి. అది అడిగితే ఆయనకి పోయేదేమీ లేదు. ఆర్పమంటే మాత్రం డబ్బు పోయింది, దమ్ము పోయింది, నలుగురిలో పరువు కూడా పోయిందనుకుంటాడు. అయితే నలుగురైదుగురు ఒకచోట గుమిగూడి తాగుతుంటే ఈ రెండు మీటర్లు చాలవు, అందుకే మీ ఆఫీసు డోర్ కథ వేరు.

తాగేవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది, నాకూ చాలా ఏళ్ళు తెలియదు. "నేను పొగ పైకే వదులుతున్నాగా" అంటారు. పక్కవాళ్ళని ఇబ్బంది పెట్టేది మనం వదిలే పొగ కన్నా, వేళ్ళ మధ్య ఊరికే కాలుతూ ఉండే సిగరెట్ కొస నుంచి వచ్చే పొగ. పక్కవాళ్ళు పీల్చేదాంట్లో నూటికి 85 వంతుల దాకా అదే. దమ్ముకీ దమ్ముకీ మధ్య సిగరెట్ తక్కువ వేడి మీద అరకొరగా కాలుతుంది, ఆ పొగ ఫిల్టర్లోంచి రాదు, ఎవరి ఊపిరితిత్తుల్లోంచీ రాదు, నేరుగా గాలిలోకే. కాబట్టి తల తిప్పి పొగ వదలడం మంచి అలవాటే గానీ, చెయ్యి మాత్రం పక్కవాడి మొహం ముందే ఉంటే ఏం లాభం? నేను అలాగే ఉండేవాణ్ణి. మర్యాదస్తుడిలా మొహం అటు తిప్పి, సిగరెట్ ఉన్న చెయ్యి ఇటు చాచి.

ఇక గది లోపలి సంగతి. ఇక్కడ నేను కాస్త కఠినంగానే ఉంటాను. నాలుగు గోడల మధ్య దూరం పనిచేయదు, కిటికీ పనిచేయదు, ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా పనిచేయదు. గాలి పోయే దారి పెడితే వాసన తగ్గుతుంది, ప్రమాదం పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2003లో కుదిరి 2005లో అమల్లోకి వచ్చిన పొగాకు ఒప్పందానికి 2007లో మార్గదర్శకాలు రాసినప్పుడు ఇదే మాట తేల్చి చెప్పారు, వెంటిలేషన్ పెట్టి, గాలి వడకట్టి, ఒక మూల కేటాయించి సరిపెట్టుకోవడం కుదరదని. అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్య సలహాదారు, అంటే సర్జన్ జనరల్, 2006లో ఇచ్చిన నివేదిక అయితే "ఇంతవరకైతే ఫర్వాలేదు" అనదగ్గ మోతాదే లేదంది. విమానాల్లో ఒకప్పుడు వెనక వరసల్లో పొగతాగేవాళ్ళ సీట్లు ఉండేవి, గుర్తుందా? ఆ చివరి వరసకీ ముందు వరసకీ మధ్య గోడేమీ ఉండేది కాదు. అలాంటిదే ఇదీ.

ఇదంతా ఈ మధ్య పుట్టిన పట్టింపు అనుకునేవాళ్ళకి ఒక పాత సంగతి. జపాన్‌లో హిరాయామా అనే పరిశోధకుడు, తాము ఎప్పుడూ సిగరెట్ ముట్టని 90 వేల మందికి పైగా గృహిణుల్ని 14 ఏళ్ళ పాటు గమనించి 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత ఎక్కువ. అప్పట్లో సిగరెట్ కంపెనీలు దాని మీద విరుచుకుపడ్డాయి, తర్వాత వచ్చిన అధ్యయనాలు మాత్రం ఆయన వైపే నిలిచాయి. కాబట్టి "నాకు పొగ పడదండీ" అంటున్నప్పుడు మీరు సుకుమారం ప్రదర్శిస్తున్నట్టు కాదు. ఆ భయం అక్కర్లేదు.

మరి తాగేవాడికి ఇవన్నీ ఎందుకు తట్టవు? చెడ్డవాడనా? నా మటుకు నాకు ముక్కు పనిచేసేది కాదు. ఇది సాకు కాదు, ఏళ్ళ తరబడి తాగితే వాసన పట్టే శక్తి మందగిస్తుంది. మానేసిన కొన్ని వారాలకి లిఫ్టులో ఒకాయన నా పక్కన నిలబడ్డాడు, ఆయన చేతిలో సిగరెట్ లేదు, కానీ చొక్కాలోంచి వచ్చిన వాసనకి నాకు కడుపులో తిప్పింది. అప్పుడు లెక్కేసుకున్నాను, 16 ఏళ్ళ పాటు నేను ఎక్కిన ప్రతి లిఫ్టులో ఇదే వాసనతో నిలబడ్డానన్నమాట. ఒక్కరూ చెప్పలేదు. మా ఇంట్లోవాళ్ళు కూడా.

చెప్పలేదంటే ఎందుకు చెప్పలేదు, మొహమాటం. నన్నడిగితే మన పొగ గొడవలన్నిటికీ మూలం పొగ కాదు, ఈ మొహమాటమే. తాగేవాడు ప్యాకెట్ తీసి "ఇక్కడ తాగొచ్చా అండీ?" అంటాడు. ఎదుటివాళ్ళు నోరు తెరిచి చెప్పేది ఒకటే మాట, "పర్వాలేదండీ". లోపల పర్వా ఉంది, బోలెడంత ఉంది. ఆ పర్వాలేదు మూడు నెలలు పేరుకుని ఒకరోజు అరుపై బయటికొస్తుంది. అప్పుడు తాగేవాడు బిత్తరపోతాడు, "నిన్నటిదాకా పర్వాలేదన్నారుగా!" అని. మీ విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. మీరు అరిచింది ఆ రోజు పొగ మీద కాదు, మొత్తం నెలల పొగ మీద. ఆయనకి మాత్రం అది మొదటి రోజే.

కాబట్టి తాగేవాళ్ళకి నేను చెప్పేది, "తాగొచ్చా?" అని అడగడం మర్యాద అనుకోకండి. ఆ ప్రశ్నకి నిజమైన జవాబు రాదు. ఎదుటివాణ్ణి అబద్ధం ఆడమని బలవంతపెట్టినట్టే అది. ముఖ్యంగా మీరు పెద్ద ఉద్యోగంలో ఉండి మీ కింద పనిచేసేవాణ్ణి అడిగితే, లేదా ఎవరింటికో అతిథిగా వెళ్ళి అడిగితే, "వద్దు" అనే ధైర్యం ఎవరికుంటుంది? అడక్కుండా లేచి బయటికి వెళ్ళి తాగి రండి. అంతే. నేను మానేసే ముందు చివరి రెండేళ్ళు అలాగే చేశాను, ఎవరూ "ఎక్కడికి పోయావ్" అని కూడా అడగలేదు.

తాగనివాళ్ళకి చెప్పేది, మొదటిరోజే చెప్పేయండి. కోపం రాకముందు చెప్పే మాట వేరుగా ఉంటుంది, గొంతు వేరుగా ఉంటుంది. నేను తాగే రోజుల్లో నన్ను ఇద్దరు అడిగిన తీరు చెప్తాను. ఒక రైల్వే ప్లాట్‌ఫాం చివర నిలబడి ముట్టించాను. ఓ పెద్దావిడ బెంచీ మీద కూర్చుని ఉంది, "బాబూ, గాలి ఇటే కొడుతోంది, కాస్త ఆ పక్కకి నుంచుంటావా, నాకు దగ్గొస్తుంది" అంది. నేను సారీ అనేసి పాతిక అడుగులు అవతలికి పోయాను. ఆవిడ తప్పంతా గాలి మీద పెట్టింది చూశారా? నేను తప్పు చేశానని అనలేదు, గాలి ఇటు కొడుతోందంది. నాకు ఏ ఇబ్బందీ లేకుండా జరగడానికి దారి ఇచ్చింది. ఇంకోసారి ఒక పెద్దమనిషి దూరం నుంచే "బుద్ధుందా, చదువుకున్నావా అసలు, నీలాంటివాళ్ళ వల్లే..." అంటూ వచ్చాడు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా ఏం చేశానో తెలుసా, ఆయన్నే చూస్తూ ఆ సిగరెట్ పూర్తి చేసి రెండోది వెలిగించాను. తాగాలని లేదు, ఆయన ముందు ఓడిపోకూడదని. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ మనిషి అలాగే ఉంటాడు.

అందుకని అడిగేటప్పుడు మూడు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. వెలిగించకముందు అడిగితే నూటికి తొంభైమంది వినేస్తారు (లెక్కపెట్టి చెప్పట్లేదు, నా అనుభవం అది), అప్పటికే రెండు దమ్ములు లాగాక అడిగితే బేరం మొదలవుతుంది. నికోటిన్ పీల్చిన 10, 20 సెకన్లలోనే మెదడుకి చేరుతుంది, రెండు గంటల్లో ఒంట్లో సగానికి పడిపోతుంది. అంటే గంటల మీటింగ్ అయ్యాక బయటికొచ్చి లైటర్ తీసినవాడు అప్పటికే చిరాకుగా, టెన్షన్‌గా ఉంటాడు, ఆ క్షణంలో ఉపన్యాసం వినే స్థితిలో ఉండడు, ఒక్క చిన్న వాక్యం మాత్రం వింటాడు. దొంగ దగ్గు దగ్గకండి, చేత్తో విసురుకుంటూ మొహం చిట్లించకండి, అవి మాటల కన్నా ఎక్కువ గుచ్చుకుంటాయి. ఎవరికి చెప్తున్నారో వాళ్ళ దగ్గరకెళ్ళి చిన్నగా చెప్పండి, నలుగురికీ వినిపించేలా వద్దు. జరిగాక థ్యాంక్స్ చెప్పి మీ పని మీరు చూసుకోండి, ఎంత దూరం జరిగాడో కొలుస్తున్నట్టు చూడకండి.

ఇంకోటి, క్యాన్సర్ గురించి వాళ్ళకి చెప్పకండి. దయచేసి. వాళ్ళకి తెలుసు. ప్రతి ప్యాకెట్ మీదా బొమ్మతో సహా ఉంటుంది. మానలేకపోతున్నామనే బాధ చాలామందికి లోపల ఉంటుంది, నాకుండేది. మానడానికి నేను నాలుగుసార్లు ప్రయత్నించి ఐదోసారి నెగ్గాను. ఈలోపు నాకు సలహా ఇచ్చినవాళ్ళు ఓ యాభైమంది ఉంటారు, వాళ్ళలో ఒక్కరి వల్లా మానలేదు. మీ ఊపిరి మీ హక్కు, దాని గురించి ఎంతైనా అడగండి. ఆయన ఊపిరితిత్తులు ఆయన సొంత విషయం. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం దగ్గరే తొంభై శాతం గొడవలు మొదలవుతాయి.

ఇప్పుడు మీ ఆఫీసు డోర్. ఇది నా అసలు రంగం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

తాగేవాళ్ళు ఎక్కడ నిలబడతారో నిర్ణయించేది నియమం కాదు, యాష్‌ట్రే. ఎన్ని భవనాల్లో చూశానో. "ఇక్కడ పొగ తాగరాదు" అని ఇంత బోర్డు ఉంటుంది, దాని కిందే స్టీలు యాష్‌ట్రే ఉంటుంది, లోపలికి వెళ్ళేముందు ఆర్పేసి వెళ్తారని ఎవరో మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. కానీ తాగేవాడికి అది ఆహ్వానపత్రిక. పైగా డోర్ దగ్గర కప్పు ఉంటుంది, ఎండ తగలదు, వాన తగలదు, లోపల ఎవరైనా పిలిస్తే వినిపిస్తుంది. ఇక ఎందుకు కదులుతారు? డోర్ తెరుచుకున్న ప్రతిసారీ లోపలి ఏసీ గాలికీ బయటి గాలికీ ఉండే ఒత్తిడి తేడాతో పొగ రిసెప్షన్ దాకా వెళ్తుంది. కొన్ని భవనాల్లో ఏసీకి బయటి గాలి లాగే జాలీ సరిగ్గా ఆ డోర్ పైనే ఉంటుంది, అప్పుడు మొదటి అంతస్తులో కూర్చున్నవాళ్ళు కూడా తాగినట్టే.

ఒక ఆఫీసులో ఇదే సమస్య వస్తే యాజమాన్యం ఏం చేసిందంటే, స్మోకింగ్ జోన్ అని పేరు పెట్టి వెనక జనరేటర్ పక్కన, చెత్త డబ్బాల వెనక చోటిచ్చింది. కప్పు లేదు, లైటు లేదు, కూర్చోవడానికి ఏమీ లేదు. వారం రోజులు వెళ్ళారు. తర్వాత వాన పడింది, అందరూ మళ్ళీ డోర్ దగ్గరే. రాత్రి షిఫ్టులో ఇద్దరు ఆడవాళ్ళు కూడా తాగేవాళ్ళు, ఆ చీకట్లోకి వాళ్ళెందుకు వెళ్తారు? ఫైర్ ఎగ్జిట్ మెట్ల మీద తాగడం మొదలెట్టారు. మెట్ల గది అంటే చిమ్నీ లాంటిది, కింద తాగితే పొగ పైకి పాకి ప్రతి అంతస్తు తలుపు సందుల్లోంచి లోపలికి దూరుతుంది. ఫిర్యాదులు రెట్టింపయ్యాయి. మేనేజర్లు "వీళ్ళకి చెప్పినా సిగ్గు లేదు" అన్నారు. సిగ్గు సంగతి తర్వాత, మనిషిని చెత్త పక్కన నిలబెట్టి గౌరవం ఇమ్మంటే ఎలా ఇస్తాడు?

చివరికి మేం చేసింది పెద్ద పనేమీ కాదు. డోర్‌కి ఓ పది మీటర్ల అవతల, ఏసీ గాలి లాగే వైపు కాకుండా రెండో వైపు, మూడు వైపులా తెరిచి ఉన్న చిన్న షెడ్డు వేశాం, రెండు బెంచీలు, ఒక లైటు, రెండు యాష్‌ట్రేలు. డోర్ దగ్గరి యాష్‌ట్రే పీకేశాం. బోర్డు కూడా మార్చాం, "ఇక్కడ తాగరాదు" బదులు "పొగ తాగేవారికి చోటు అటు" అని బాణం గుర్తు. నెల తిరిగేసరికి ఫిర్యాదులు ఆగిపోయాయి. ఎవరికీ క్లాసు పీకలేదు, ఎవరికీ జరిమానా వేయలేదు. ఒకాయన మాత్రం చాలాకాలం పాత చోటే నిలబడేవాడు, ప్రతి చోటా ఒకరుంటారు, ఆయనకి తాగే స్నేహితులే చెప్పి తీసుకెళ్ళారు.

యాష్‌ట్రే గురించి ఇంకొక్క మాట. సిగరెట్ పూర్తిగా నిషేధించిన విమానాల్లో కూడా టాయిలెట్ దగ్గర యాష్‌ట్రే తప్పనిసరిగా ఉంటుంది, గమనించారా? నిషేధం ఉన్నా ఎవడో ఒకడు దొంగతనంగా వెలిగిస్తాడు, అప్పుడు పీక చెత్తబుట్టలోని కాగితాల్లో పడకూడదని. 1973లో పారిస్ దగ్గర ఒక విమానం వెనక టాయిలెట్‌లో మొదలైన మంటల్లో 123 మంది చనిపోయారు, చెత్తబుట్టలో వేసిన సిగరెట్ పీకే కారణం కావచ్చని అనుమానించారు. మనుషులు ఎలా ఉండాలో కాకుండా ఎలా ఉంటారో చూసి చేసే ఏర్పాటు అంటే అదీ. కాబట్టి మీ ఆఫీసులో యాష్‌ట్రేలు మొత్తానికి తీసేయించకండి, తీసేస్తే పీకలు కుండీల్లో పడతాయి, నేల మీద పడతాయి. ఆ ఫిల్టర్ దూది కాదు, సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్, ఏళ్ళ తరబడి కుళ్ళదు. తీసేయడం కాదు, జరపడం.

అపార్ట్‌మెంట్లలో అడిగేవాళ్ళు కూడా ఈ జవాబు చదువుతారు కాబట్టి ఒక కేసు చెప్తాను. ఐదో అంతస్తులో చంటిపిల్ల ఉన్న ఇల్లు, బాత్‌రూమ్‌లోంచి రాత్రి పదకొండింటికి రోజూ సిగరెట్ వాసన. నాలుగో అంతస్తు కుర్రాడి మీద అనుమానంతో పోట్లాడారు, వాడు అసలు తాగడే తాగడు. తీరా చూస్తే తాగేది మూడో అంతస్తు పెద్దాయన. ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది కలగకూడదని పాపం బాత్‌రూమ్‌లోకెళ్ళి, తలుపేసుకుని, ఎగ్జాస్ట్ వేసుకుని మరీ తాగేవాడు. అందరి ఎగ్జాస్ట్‌లూ ఒకే షాఫ్ట్‌లోకి, అంటే కింది నుంచి పైదాకా గాలి కోసం వదిలిన గొట్టం లాంటి ఖాళీలోకి, తెరుచుకుంటాయి, నాలుగో ఇంట్లో వాళ్ళది మూసి ఉండేది, ఐదో ఇంట్లో తెరిచి ఉండేది. పల్చటి టిష్యూ కాగితం తీసుకెళ్ళి ఐదో ఇంటి వెంటిలేటర్ దగ్గర పట్టుకుని చూపించాను, కాగితం లోపలికి ఎగురుతోంది. ఆయన్ని పైకి పిలిచి అదే చూపిస్తే మొహం మాడిపోయింది. "నేను మావాళ్ళ కోసమని తాగుతుంటే ఈ పసిదానికి పోతోందా" అన్నాడు. మర్నాటి నుంచి టెర్రస్ మీదకి వెళ్ళేవాడు. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు కాబట్టే అంత తేలిగ్గా అయింది. నాలుగో అంతస్తు కుర్రాడికి మాత్రం ఐదో ఇంటివాళ్ళు క్షమాపణ చెప్పారో లేదో నాకు తెలియదు, చెప్పి ఉంటే బాగుండేది.

తాగేవాళ్ళ కోసం చిన్నాచితకా: ఆఖరి దమ్ము లాగిన వెంటనే లిఫ్టు ఎక్కకండి, కాసేపటి వరకు మీ ఊపిరిలో పొగ వస్తూనే ఉంటుంది, ఓ రెండు నిమిషాలు బయటే తిరిగి, వీలైతే చేతులు కడుక్కుని వెళ్ళండి. పసిపిల్లల్ని ఎత్తుకునే ముందు తాగినప్పటి చొక్కా మార్చుకోండి. వరసలో నిలబడి ఉన్నప్పుడు వెలిగించకండి, మీరు జరగగలరు గానీ మీ వెనకవాడు వరస వదిలి జరగలేడు. కారులో అద్దం దించితే సరిపోతుందనుకోకండి, పిల్లలుంటే అసలు వద్దు. ఈ-సిగరెట్ అయినా ఇదే వర్తిస్తుంది, అందులోంచి వచ్చేది ఒట్టి నీటి ఆవిరి కాదు, నికోటిన్, సన్నటి రేణువులు ఉంటాయి.

ఎప్పుడు అడక్కూడదో కూడా చెప్పాలి. తాగి ఉన్నవాళ్ళని (ఈసారి మందు), రాత్రిపూట నిర్మానుష్యంగా ఉన్నచోట గుంపుని, అప్పటికే ఇంకెవరితోనో గొడవలో ఉన్నవాణ్ణి అడగొద్దు. మీరే జరిగిపోండి. "నేనెందుకు జరగాలి, తప్పు వాడిది" అనిపిస్తుంది. నిజమే. అయినా జరగండి. మీకు ఆస్తమా లాంటిది ఉంటే మాత్రం, ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని "నాకు ఆస్తమా అండీ" అన్న ఒక్క మాట చాలు, నేను చూసినంతలో ఆ మాటకి జరగనివాడు లేడు.

ఇక పోయిన వారం మీరు అరిచిన ఆయన సంగతి. ఆయన దగ్గరికి వెళ్ళి అరిచినందుకు సారీ చెప్పండి, అడిగినందుకు చెప్పకండి. "ఆరోజు గట్టిగా అనేశాను, చాలా రోజుల నుంచి లోపల పెట్టుకున్నాను, మీతో ముందే చెప్పాల్సింది. డోర్ దగ్గర పొగ నాకు నిజంగా పడదు" అంటే చాలు. వీలైతే ఆయన్నే వెంటేసుకుని అడ్మిన్ దగ్గరికి వెళ్ళండి, తాగేవాళ్ళకి ఒక మంచి చోటు కావాలని ఇద్దరూ కలిసి అడగండి. తాగనివాడొక్కడే వెళ్తే అది ఫిర్యాదు, ఇద్దరూ వెళ్తే అది ప్రతిపాదన. అడ్మిన్‌వాళ్ళు ఫిర్యాదుని ఫైల్లో పెడతారు, ప్రతిపాదనకైతే కనీసం వచ్చి చోటు చూస్తారు. ఈలోపు డోర్ పక్కనున్న యాష్‌ట్రే అక్కడ ఎవరు పెట్టించారో కనుక్కోండి. చాలా భవనాల్లో ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు ఉండదు, అలాంటప్పుడు దాన్ని జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, హౌస్‌కీపింగ్ వాళ్ళకి ఒక మాట చెప్తే సాయంత్రానికి జరిగిపోతుంది.